గోల్డ్‌వింగ్ వెనక ఒంటి చక్రం ట్రైలర్ కట్టొచ్చా? శనివారం చూడబోయే ముందు

మీరు అడిగింది ఇదీ: 2018 హోండా గోల్డ్‌వింగ్ టూర్ బైక్, వెనక సీట్లో మీ శ్రీమతి గారు, జులైలో సాన్ హోసే నుంచి ఎల్లోస్టోన్ దాకా పది రోజుల ట్రిప్పు. టెంటు, పరుపులు, స్టవ్వు, వంట సామాను బైక్ పెట్టెల్లో పట్టడం లేదు. మీకు దగ్గర్లోనే ఒకాయన పాత ఒంటి చక్రం ట్రైలర్ అమ్ముతున్నారు, శనివారం చూడ్డానికి వెళ్తున్నారు. కొనొచ్చా, ఇద్దరితో లాగడం భద్రమేనా అన్నది మీ టెన్షన్.

నేను ఫ్రీమాంట్‌లో ఉంటాను. పదకొండేళ్లలో ఇలాంటి ట్రైలర్లు రెండు వాడాను, ఒకదాన్ని చెడగొట్టుకుని నేర్చుకున్నాను. నా సమాధానం, కొనొచ్చు. కానీ శనివారం మీ కళ్లు పెట్టె పెయింట్ మీదా మూత తాళం మీదా కాకుండా హిచ్ (ట్రైలర్‌ని బైక్‌కి తగిలించే జాయింటు) పిన్ను మీద ఉండాలి. ఎందుకో వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది అర్థమైతే మిగతావన్నీ మీకే తట్టేస్తాయి.

రెండు చక్రాల ట్రైలర్ తన కాళ్ల మీద తను నిలబడుతుంది. బైక్ దాన్ని లాగితే చాలు. మలుపులో బైక్ ఒరిగినా అది ఒరగదు, అందుకే దాని హిచ్‌లో బంతీ గిన్నే ఉంటాయి, ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. ఒంటి చక్రం ట్రైలర్ అలా కాదు. దాన్ని నిలబెట్టేది మీ బైకే. దాని హిచ్ పైకీ కిందకీ కదులుతుంది, కుడికీ ఎడమకీ తిరుగుతుంది, పక్కకి ఒరగడం మాత్రం సొంతంగా చెయ్యకూడదు. బైక్ ఎంత ఒరిగితే అదీ అంతే ఒరగాలి. అంటే ట్రైలర్ పక్కకి పడిపోకుండా ఆపే పని మొత్తం రెండు పిన్నులు, వాటి చుట్టూ ఉండే నాలుగు బుష్‌ల (గొట్టాల్లాంటి తొడుగుల) మీద ఉంటుంది. అవి అరిగితే, ముందు బైక్ ఒకలా, వెనక పెట్టె ఒకలా ఒరుగుతాయి. ఆ తేడాని మీరు హ్యాండిల్‌తో సరిదిద్దుతూనే ఉంటారు, సాయంత్రానికి భుజాలు పట్టేస్తాయి, కారణం తెలియదు.

అరిగిందో లేదో ఇలా చూడండి. బైక్‌కి తగిలించి బైక్‌ని నిటారుగా ఎవరినైనా పట్టుకోమనండి. మీరు ట్రైలర్ వెనక మోకాళ్ల మీద కూర్చుని, ఒక చెయ్యి పెట్టె పైభాగం మీద, రెండో చేతి వేళ్లు హిచ్ పిన్ను పక్కన ఆనించండి. పెట్టెని మెల్లగా కుడికీ ఎడమకీ ఊపండి, గట్టిగా కాదు. బైక్ కూడా కలిసి ఊగితే మంచిదే. బైక్ కదలకుండా పెట్టె మాత్రం కదిలి, వేళ్ల కింద చిన్న 'టక్' తగిలితే అరిగినట్టే. పిన్ను బయటికి తీసి గోరుతో దాని ఒళ్లంతా గీయండి. బుష్ కూర్చునే చోట గోరు పల్లంలో పడితే అది మార్చాల్సిన పిన్ను. అర మిల్లీమీటరేగా అనిపిస్తుంది. పది సెంటీమీటర్ల వెడల్పున్న హిచ్‌లో అర మిల్లీమీటరు వదులు, అరవై సెంటీమీటర్ల ఎత్తున్న పెట్టె పైకి వెళ్లేసరికి మూడు మిల్లీమీటర్ల ఊపు అవుతుంది. నిలబెట్టినప్పుడు మూడు మిల్లీమీటర్లు. రోడ్డు మీద పక్కనుంచి లారీ గాలి కొట్టిన ప్రతిసారీ అది అటు నుంచి ఇటుకి తన్నుతుంది.

అరిగిన పిన్ను ఉందని ట్రైలర్ వద్దనుకోకండి. పిన్నులు, బుష్‌లు లేత్ పని చేసేవాళ్లెవరైనా చేసిస్తారు. కానీ హిచ్ నుంచి చక్రానికి వెళ్లే గొట్టం మీద, వెల్డింగ్ అంచుల్లో పెయింట్ కింద సన్నటి గీతలా తుప్పు కారితే మాత్రం తిరిగి వచ్చేయండి. అది పగులు. నా మొదటి ట్రైలర్‌లో అది చూసి కూడా 'పైపైన పెయింటేలే' అనుకుని డబ్బులిచ్చేశాను, తర్వాత ఫ్రేమ్ మొత్తం పడేయాల్సొచ్చింది.

ఇప్పుడు బరువు సంగతి. ఇలాంటి ట్రైలర్లలో సాధారణంగా వేసే సామాను నలభై, నలభై అయిదు కిలోలు. ఇప్పటి యూరియా బస్తా 45 కిలోలే కదా, అంత. మన ఊళ్లో టీవీఎస్ ఎక్సెల్ మీద అలాంటివి రెండు వేసుకుని పొలానికి వెళ్లేవాళ్లని చూసి పెరిగాం కాబట్టి 1800 సీసీ బండికి ఇదో లెక్కా అనిపిస్తుంది. ఇంజిన్‌కి లెక్క కాదు నిజమే. ఆ బస్తా ఎక్కడ కూర్చుంది అన్నదే అసలు సంగతి.

మా తాతయ్య ఎడ్లబండికి బస్తాలు వేయిస్తూ 'ఒక బస్తా ముందుకి జరపండిరా' అని పదిసార్లు అనేవారు. వెనక బరువెక్కువైతే నొగలు పైకి లేచి, కాడి ఎడ్ల మెడ మీంచి లేస్తుంది, పలుపు గొంతుకి బిగుస్తుంది. ముందు ఎక్కువైతే మెడలు ఒరుసుకుపోతాయి. మీ ట్రైలర్ కూడా అంతే, ఇక్కడ ఎద్దు మీ బైక్ వెనక చక్రం. సామాను ట్రైలర్ చక్రానికి వెనకపడితే హిచ్ పైకి లేస్తుంది, బైక్ వెనక భాగం తేలికవుతుంది, ట్రైలర్ తోక ఊగడం మొదలవుతుంది. మరీ ముందుకి నెడితే బరువంతా బైక్ తోక మీద పడుతుంది.

అది ఎంత పడుతుందో లెక్క వేసి చూపిస్తాను. ఖాళీ ట్రైలర్ 38 కిలోలు, సామాను 40, మొత్తం 78 అనుకుందాం. అందులో మూడో వంతు, అంటే 26 కిలోలు హిచ్ మీద పడేలా సర్దారనుకోండి. గోల్డ్‌వింగ్ రెండు చక్రాల మధ్య దూరం సుమారు 1.7 మీటర్లు. హిచ్ వెనక ఇరుసుకి 60 సెంటీమీటర్లు వెనక ఉంటే, ఆ 26 కిలోలు త్రాసు కొయ్యలా పని చేసి ముందు చక్రం మీంచి 9 కిలోలు లేపేస్తాయి, వెనక చక్రం మీద 35 కిలోలు వేస్తాయి. వెనక సీట్లో మనిషీ, ట్రంకులో సామానూ ఇప్పటికే ముందు చక్రాన్ని తేలిక చేశాయి. దాని మీద ఇది. అందుకే ట్రైలర్ కట్టాక మలుపులో హ్యాండిల్ కొంచెం తేలినట్టు ఉంటుంది. వెనక సస్పెన్షన్ ప్రీలోడ్ (స్ప్రింగు బిగువు) పెంచండి, టైర్లలో గాలి మాన్యువల్ చెప్పినంత ఉండాలి, ముందు 36, వెనక 41 పీఎస్‌ఐ, పొద్దున్నే బండి చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి.

ఇంట్లో బరువు చూసుకునే మిషన్ ఉంటుంది కదా, అదే చాలు. సామాను సర్దిన ట్రైలర్‌ని బైక్‌కి తగిలించినప్పుడు ఉండే ఎత్తులోనే ఉంచి, హిచ్ కింద మిషన్ మీద ఒక చెక్క దిమ్మ పెట్టండి. ఒకరు పెట్టెని పడకుండా నిటారుగా పట్టుకోవాలి, పైకి ఎత్తకూడదు. అంకె రాసుకోండి. తర్వాత చక్రం కింద మిషన్ పెట్టి అదీ రాసుకోండి. మీ ట్రైలర్ తయారీదారు ప్లేటు మీద హిచ్ బరువుకి హద్దు రాసి ఉంటే అదే పాటించండి. ఆ హిచ్ బరువు బైక్ మోసే బరువులోకే వస్తుందని చాలామంది మర్చిపోతారు. మీ ఇద్దరూ, జాకెట్లు, హెల్మెట్లు, పెట్టెల్లో సామాను, హిచ్ బ్రాకెట్, దాని మీద పడే బరువు, ఇవన్నీ కలిపి బైక్ లేబుల్ మీద రాసిన హద్దు దాటకూడదు. మీకు నిజంగా ఇబ్బంది వచ్చేది ఇక్కడే, కాబట్టి ట్రైలర్ వచ్చింది కదా అని ట్రంకు కూడా నింపకండి. బరువైనవి బైక్‌లోంచి ట్రైలర్‌కి మార్చండి.

ముందూ వెనకా చూసుకోవడం ఎడ్లబండి లెక్క అయితే, కుడీ ఎడమా చూసుకోవడం కావడి లెక్క. రెండు చక్రాల ట్రైలర్‌లో నీళ్ల క్యాను ఒక పక్కకి పెట్టినా పెద్ద తేడా రాదు. ఇందులో వస్తుంది. అయిదు కిలోల క్యాను మధ్య గీతకి ఇరవై సెంటీమీటర్లు కుడికి ఉంటే బైక్ రోజంతా కుడికి లాగుతుంది. స్టవ్వు, గిన్నెలు, టెంటు మేకులు లాంటి బరువైనవి అడుగున, మధ్యలో, చక్రానికి కాస్త ముందు. పరుపులు, దుప్పట్లు పైన, వెనక. ఏదీ జరగకుండా బెల్టుతో బిగించాలి. సగం నిండిన నీళ్ల క్యాను అసలు వద్దు.

నా తప్పు చెప్తాను. మామత్ లేక్స్‌లో ఐస్ కొని కూలర్ నింపి, తీసుకోవడం తేలికని పెట్టె వెనక మూత మీదున్న ర్యాక్‌కి కట్టాను. హైవే 395 మీద షెర్విన్ గ్రేడ్ అనే పెద్ద వాలు దిగుతున్నాను, 55 మైళ్ల స్పీడు, అద్దంలో ట్రైలర్ మూత కుడికి వెళ్లి, ఎడమకి వచ్చి, మళ్లీ కుడికి ఇంకాస్త ఎక్కువ వెళ్లడం కనిపించింది. మూడో ఊపుకి బైక్ సీటు కూడా నా కింద కదిలింది. చెయ్యి బ్రేక్ మీదకి వెళ్లింది, నొక్కకుండా ఎలాగో ఆపుకున్నాను. థ్రాటిల్ మెల్లగా వదిలి, మోకాళ్లు ట్యాంకుకి బిగించి, ఒంటిని ముందుకి వంచి, హ్యాండిల్ వదులుగా పట్టుకున్నాను. నలభై అయిదు దాకా తగ్గాక ఊపు చచ్చింది. పక్కకి ఆపి కూలర్‌లో నీళ్లు పారబోసినప్పుడు చేతులు ఇంకా వణుకుతున్నాయి. ఆ కూలర్ బరువు పన్నెండు కిలోలు ఉండి ఉంటుంది, అంతే.

మీకు ఎప్పుడైనా అలా ఊపు మొదలైతే చెయ్యాల్సింది అదే. గట్టిగా బ్రేక్ వేస్తే ట్రైలర్ వెనకనుంచి నెట్టి ఊపుని పెంచుతుంది. హ్యాండిల్‌తో ఊపుకి ఎదురు తిప్పబోతే మీ చెయ్యి ఎప్పుడూ అర సెకను ఆలస్యంగానే ఉంటుంది. స్పీడు పెంచి సరిచేద్దాం అన్న సలహా కూడా వింటారు, వద్దు. మెల్లగా తగ్గడం ఒక్కటే దారి.

మామూలు బ్రేకింగ్ కూడా మారుతుంది. ట్రైలర్‌కి బ్రేకులు ఉండవు, ఆ 78 కిలోలని ఆపేది మీ బైకే. నిటారుగా ఉన్నప్పుడు నేరుగా వెనకనుంచి నెడుతుంది, పర్లేదు. ఒరిగి ఉన్నప్పుడు బ్రేక్ వేస్తే బైక్ తోకని మలుపు బయటికి నెడుతుంది. కాబట్టి మలుపుకి ముందే స్పీడంతా తగ్గించేసి, లోపల థ్రాటిల్ కొద్దిగా పట్టి ఉంచండి. ముందు వాహనానికి మీరు ఇప్పుడు వదిలే దూరానికి రెట్టింపు వదలండి.

కాలిఫోర్నియాలో ఏ వాహనమైనా ట్రైలర్ లాగుతుంటే హద్దు 55 మైళ్లు. అది గుర్తుపెట్టుకుని రోజుకి ఎన్ని మైళ్లు వెళ్లగలరో లెక్కేసుకోండి. నెవాడాలో ఐ-80 హైవే మీద కొన్నిచోట్ల 80 మైళ్ల బోర్డు ఉంటుంది, దాన్ని చూసి మోసపోవద్దు, మీ బండికి అది వర్తించేది కాదనుకుని 65 లోపే ఉండండి. దానికి కారణం చక్రం. ఎనిమిది అంగుళాల రిమ్ముతో ఉన్న ట్రైలర్ టైరు 65 మైళ్ల దగ్గర నిమిషానికి 1,350 సార్లకి పైగా తిరుగుతుంది. అదే స్పీడుకి మీ బైక్ వెనక చక్రం తొమ్మిది వందల లోపే. బేరింగు, టైరు రెండూ ఆ తేడాని వేడిగా భరిస్తాయి. అందుకే దొరికితే పన్నెండు అంగుళాల చక్రం ఉన్నది తీసుకోండి. ప్రతి గ్యాస్ స్టేషన్ దగ్గరా దిగగానే ట్రైలర్ చక్రం హబ్ (మధ్య భాగం) మీద అరచెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే సరే. చెయ్యి ఆన్చి ఉంచలేకపోతే అక్కడే ఆపి బేరింగు చూడాలి. కొన్న వెంటనే, పాత గ్రీజు ఎలా ఉన్నా, బేరింగు కొత్తది వేయించేయండి, దాని ఖర్చెంతని!

టైరు గురించి ఇంకో మాట. కారు వెనక లాగే ట్రైలర్ టైరు చదునుగా ఉంటుంది. మీది ఒరిగే ట్రైలర్, చదును టైరు ఒరిగితే అంచు మీద నడుస్తుంది. స్కూటర్ టైరులా గుండ్రటి ముఖం ఉన్నదే ఉండాలి. టైరు పక్క గోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది, 2316 అంటే 2016లో ఇరవైమూడో వారం. ట్రైలర్లు గ్యారేజీలో పడి ఉంటాయి కాబట్టి గాడులు కొత్తగానే కనిపిస్తాయి, రబ్బరు మాత్రం ముసలిదై ఉంటుంది. అయిదారేళ్లు దాటితే మార్చండి. ఇంత చిన్న టైరు దారిలో ఏ ఊళ్లోనూ వెంటనే దొరకదు, నెవాడాలో ఎల్కో లాంటి చోట ఇరుక్కుంటే రెండు రోజులు పోతాయి. ఒక స్పేర్ టైరు, ట్యూబు ఉంటే అదీ, పంక్చర్ కిట్టు, చిన్న పంపు ట్రైలర్‌లోనే పెట్టుకోండి.

హోండా మాన్యువల్‌లో ఈ బైక్‌కి ట్రైలర్ గానీ సైడ్‌కార్ గానీ తగిలించవద్దని ఉంది. ఈ సంగతి మీకు చెప్పకుండా కొనమనడం తప్పు. గోల్డ్‌వింగ్‌ల వెనక ట్రైలర్లు అమెరికాలో దశాబ్దాలుగా లాగుతున్నారు, హిచ్‌లు అమ్మే కంపెనీలూ ఉన్నాయి, కానీ ఏమైనా జరిగితే వారంటీ విషయంలో హోండా మీ వైపు ఉండదు. ఇన్సూరెన్స్ వాళ్లకి ఈమెయిల్ పెట్టి, ట్రైలర్ లాగుతుంటే లయబిలిటీ కవర్ అవుతుందా, ట్రైలర్‌కీ లోపలి సామానుకీ ఉందా అని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. హిచ్ మాత్రం మీ మోడల్‌కే చేసింది, అసలు ఫ్రేముకి బిగించేది కొనండి. లగేజీ ర్యాకుకో, తోక చివర సీటునీ పెట్టెల్నీ మోసే సబ్‌ఫ్రేముకో తగిలించేది వద్దు. ట్రైలర్ ఒరగబోయిన ప్రతిసారీ ఆ మెలి అంతా అక్కడే పడుతుంది, సన్నటి సబ్‌ఫ్రేము దానికి పగులుతుంది.

లైట్లు ఎల్‌ఈడీవి పెట్టించి, కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా తీసుకుని, ట్రైలర్ లైట్లని బైక్ వైరింగు నుంచి విడిగా ఉంచే ఐసోలేటర్ వాడండి. బైక్ వైర్లలోకి నేరుగా కలిపితే ఆ మోడల్ ఎలక్ట్రానిక్స్ తప్పుడు వార్నింగులు చూపిస్తుంది. గొలుసు, పిన్నుకి క్లిప్పు, వెనక నంబర్ ప్లేటు ఉండాలి. రిజిస్ట్రేషన్ కాగితం అమ్మేవాళ్ల పేరు మీదే ఉందా అని శనివారమే చూడండి.

ఇన్ని జాగ్రత్తలు చెప్పాక, నేనెందుకు ఇప్పటికీ ఒంటి చక్రమే వాడతానో కూడా చెప్పాలి. బైక్, రెండు చక్రాల ట్రైలర్ కలిస్తే రోడ్డు మీద మూడు జాడలు పడతాయి. మీరు గుంత తప్పించినా ట్రైలర్ చక్రం అందులో పడుతుంది. ఒంటి చక్రానికి మీదీ దానిదీ ఒకటే జాడ, మీరు తప్పిస్తే అదీ దాదాపు తప్పించుకున్నట్టే. కొండ మలుపుల్లో మీతో పాటు ఒరుగుతూ వస్తుంది, హిచ్ బిగువుగా ఉంటే అరగంటలో వెనక ఉందనే మర్చిపోతారు. ఈ ఆలోచన పాతదే. మైసూరులో తయారైన జావా మన పెద్దవాళ్లకి తెలుసు కదా, ఆ జావా పుట్టిల్లు చెకోస్లోవేకియాలో పావ్ 40 అని చిన్న ఒంటి చక్రం పెట్టె తగిలించుకుని జనం సెలవులకి వెళ్లేవారు. ఇప్పటికీ పాత జావాల వెనక అవి కనిపిస్తుంటాయి.

ఆపడం, నిలపడం దగ్గర మాత్రం ఓపిక కావాలి. రివర్స్‌లో ట్రైలర్ ఒక అడుగులోనే మడుచుకుపోతుంది, మీ బైక్‌కి రివర్స్ ఉంది కదా అని వాడకండి, హిచ్ బుష్‌లు దెబ్బతినేది అక్కడే. గ్యాస్ స్టేషన్‌లో ముందుకి వెళ్లిపోయేలా ఉన్న పంపు దగ్గరే ఆగండి. సైడ్ స్టాండ్ వేస్తే ట్రైలర్ కూడా అటే ఒరుగుతుంది, కాబట్టి బైక్ నిలబెట్టేటప్పుడు దాని బరువు కూడా మీ కాళ్ల మీదే. మీ శ్రీమతి గారిని ముందు దింపి, తర్వాత స్టాండ్ వేయండి. విప్పిన ట్రైలర్ తనంతట తను నిలబడదు, దానికి మడత కాలు ఉందా లేదా చూడండి. ట్రాఫిక్‌లో కార్ల మధ్యలోంచి దూరడం ఈ ట్రిప్పులో మానేయండి.

ఎల్లోస్టోన్‌లో ఒక సంగతి. ట్రైలర్‌లో తాళం వేశాం కదా అని తిండి, కూలర్, టూత్‌పేస్టు అందులో వదలకండి. ఎలుగుబంటికి ఫైబర్‌గ్లాస్ పెట్టె ఒక లెక్క కాదు. క్యాంప్‌గ్రౌండ్‌లో ఇనుప పెట్టెలు ఉంటాయి, వాసన వచ్చేదేదైనా వాటిలోనే పెట్టాలి.

జులై దాకా టైముంది కాబట్టి ఇలా చెయ్యండి. మొదటి వారం ఖాళీ ట్రైలర్‌తో ఒక్కరే, ఖాళీ పార్కింగ్ లాటులో ఎనిమిది అంకెలా తిరగండి, పెట్టె మీ బైక్‌కి ఎంత దగ్గరగా వస్తుందో అప్పుడే తెలుస్తుంది. రెండో వారం సగం సామానుతో. తర్వాత పూర్తి సామానుతో ఐ-580 మీద ఆల్టమాంట్ పాస్‌కి ఒక మధ్యాహ్నం వెళ్లండి, గాలి మరలు ఊరికే పెట్టలేదక్కడ, పక్కగాలిలో మీ బండి ఎలా ఉంటుందో అరగంటలో తేలిపోతుంది. అది బాగుంటే మీ శ్రీమతి గారిని ఎక్కించుకుని మళ్లీ అదే దారిలో వెళ్లండి. ఆవిడకి అద్దం అక్కర్లేదు, వెనక ఊపు మీకంటే ముందు సీటులోంచి ఆవిడకే తెలుస్తుంది. భుజం మీద రెండుసార్లు తడితే మెల్లగా తగ్గించాలని ముందే ఒక గుర్తు పెట్టుకోండి. ఐ-80 మీద డానర్ సమ్మిట్ కనుమ 7,200 అడుగులు ఎక్కి రీనో వైపు దిగేటప్పుడు ఆ గుర్తు పనికొస్తుంది.

శనివారం ఒక టార్చి, చిన్న గుడ్డ, స్పానర్ తీసుకెళ్లండి. పిన్ను విప్పి చూడనివ్వకపోతే కొనకండి. విప్పితే గుడ్డతో తుడిచి, బుష్ కూర్చునే చోట దగ్గరగా ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, ఆ సాయంత్రమే చూసి చెప్తాను.